శరభకు రెండు నక్షత్రాలు

పోయిన వారం అబిగయీలును తారురోడ్డు చివర, పెంచలమ్మ టీ అంగడి ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. వాకాడుకు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న కొత్తపాలెంలో ఆమె నర్సు. పాలెం నుంచి తారురోడ్డు దాకా నాలుగు కిలోమీటర్ల ఇసుక, మధ్యలో ఒక ఉప్పుకాలవ. ఆ దారిన రోగుల్ని తీసుకురావడానికి శరభ అనే మొరటు బండిని కొనిస్తామని నెల్లూరులోని ఒక ట్రస్టు మాటిచ్చింది. అంతలో హైదరాబాదు నుంచి విజయభాస్కర్ ఊడిపడ్డాడు. కొత్త కార్లు నడిపి చూసి, వాటి మంచిచెడ్డలు వీడియోలో చెప్పడం ఆయన వృత్తి. శరభను ఒక పూట మన ఇసుకలో నడిపి, ఐదుకు రెండు నక్షత్రాలు పడేసి వెళ్లిపోయాడు. ఆ వీడియో చూసిన ట్రస్టు ఛైర్మన్ కిషోర్ బాబు గారు శరభ వద్దు, టౌనులో తిరిగే మామూలు వ్యాను ఇద్దామన్నారు. సోమవారం జరిగే సమావేశంలో అటో ఇటో తేలిపోతుంది. ఇవాళ శనివారం. విజయభాస్కర్‌ను మళ్లీ రప్పించి నాలుగు మాటలు అడిగేద్దామని జిల్లాలోని శరభ యజమానులు అంగడి ముందు కాచుకొని ఉన్నారు. అదిగో, ఆయన అద్దె కారు మలుపు తిరిగింది.

రోడ్డు పక్కన పదకొండు శరభలు వరసగా నిలబడ్డాయి. సంగం నుంచి వచ్చిన బండి వెనకవైపు బురద ఇంకా ఆరలేదు. బిట్రగుంట బండి అద్దం మీద చర్చి వాళ్ల స్టిక్కరు ఉంది. అన్నిటికన్నా ముందున్నది నరేంద్రబాబుది. ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోయి, లక్షల మంది ఎదుట పరువు పోగొట్టుకున్న బండి అదే. వాకాడులో వరి పండిస్తూ, రొయ్యల చెరువులు చూసుకునే నరేంద్రబాబు ఆ వీడియో వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. ఈ మాట ఆయన భార్య వినీల చెప్పింది, నేను కల్పించింది కాదు.

విజయభాస్కర్ కారు దిగాడు. నలభై ఏళ్ల మనిషి, భుజాన కెమెరా సంచీ. గుంపును చూసి మళ్లీ కారెక్కేద్దామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టే ఉన్నాడు. ఎక్కలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

“నమస్కారమండీ. కాస్త ఆలస్యమైంది.”

“ఆలస్యం సంగతి తర్వాత సార్,” నరేంద్రబాబు ముందుకొచ్చాడు. “వెనక సీటు చెక్కబల్ల మాదిరి ఉండాదని అన్నారే, ఎవరినడిగి అన్నారు ఆ మాట?”

“కూర్చొని చూసి అన్నానండీ.”

“మా అమ్మ కూర్చుంటాది దాంట్లో. డెబ్బై ఆరేళ్లు. పెంచలకోన గుడికి పోయొచ్చినాం. నడుం నొప్పని ఒక్క మాట అనలా. మీకు మాత్రం పదినిమిషాలకే నొచ్చిందా?”

అంతే, కాలవ తూము గేటు ఎత్తేసినట్టయింది. మూడు వారాలుగా వాట్సాప్ గ్రూపులో ఉడికిన కోపమంతా ఒక్కసారిగా బయటపడింది. బిట్రగుంట సుశీల్ కుమార్ రైలింజను డ్రైవరుగా రిటైరైన మనిషి, మామూలుగా గొంతు పెంచడు. ఇవాళ పెంచాడు.

“లోపల చప్పుడెక్కువంట! ముప్ఫై రెండేళ్లు రైలింజను నడిపినాను నేను. ఇంజనన్నాక చప్పుడు చెయ్యకుండా జోలపాట పాడతాదా? మీకు నాలుగు పేజీల ఉత్తరం రాసినానే, చదివినారా అసలు?”

“చదివాను సార్. రెండుసార్లు చదివాను.”

“చదివీ జవాబు రాయలా!”

“స్టీరింగు పక్కన ఉండే ఆ టచ్ తెర నిదానంగా పలుకుతాదంట,” అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. “మా చేతులకు ఎప్పుడూ బురదే. తెర ముట్టుకునేదెవరు ఈడ?”

సంగంలో సొంతంగా వ్యవసాయం చేసుకుంటున్న చెంచులక్ష్మికి మాత్రం వేరే మాట గుచ్చుకుంది. ఆమె కొంగు నడుముకు చుట్టి ఆయన ఎదురుగా నిలబడింది.

“కుటుంబానికి పనికిరాదు అన్నావు గదా నాయనా. నాదేం కుటుంబం మరి? నారు కట్టలు, మందు డబ్బాలు, ఇద్దరు మనవరాళ్లు, మా ఆయన, అందరం దాంట్లోనే తిరగతాం. మీ ఊళ్లో మాల్‌కి పొయ్యేవాళ్లదేనా కుటుంబం?”

విజయభాస్కర్ ఓపిగ్గా విన్నాడు. “అమ్మా, నా వీడియో చూసేవాళ్లు జీవితంలో ఒకటో రెండో కార్లు కొంటారు. వాళ్లలో ఎక్కువమంది టౌన్లలో ఉంటారు. వెనక సీటు గట్టిగా ఉందని చెప్పకుండా దాచి, వాళ్లు కొన్నాక నన్ను తిడితే ఏం చెప్పను?”

మాట మర్యాదగానే ఉంది. కానీ నాకూ ఒళ్లు మండింది, నిజం చెప్తున్నాను. ఎక్కడో కూర్చుని వీడియో చూసేవాడికి నచ్చాలా, కాలవ దాటి కాన్పుకు పోయే మనిషికి పనికి రావాలా, బండి? ఆ రెంటికీ కలిపి నక్షత్రాలు వేయడమేమిటి? ఇదే మాట అడగడానికి అబిగయీలు పొద్దున్నుంచి కాచుకొని ఉంది. ఆమె కదిలేసరికి మిగిలినవాళ్లు దారి ఇచ్చారు.

“సీటు సంగతి వదిలేయండి సార్. ‘ఇసుకలో దీన్ని నమ్మలేం’ అన్నారు చూడండి, ఆ ఒక్క మాట మాకు చేసిన చేటు మీకు తెలీదు. ట్రస్టు వాళ్లు ఇప్పుడు మామూలు వ్యాను ఇస్తామంటుండారు. ఆ వ్యాను ఇదిగో, ఈ అంగడి కాడికొచ్చి ఆగిపోతాది. ఇక్కడి దాకా రోగిని మంచం మీద మోసుకొనే రావాల. రెండేళ్లుగా నరేంద్రబాబన్న తన బండి పంపిస్తుండాడు కాబట్టి సరిపోయింది. పోయిన ఆగస్టులో అన్న ఊళ్లో లేడు. నలుగురు మనుషులు ఒకామెను మంచంతో ఎత్తుకొని బయల్దేరినారు. నేను పక్కనే నడస్తుండా. కాలవ దాటేసరికి...”

ఆమె కాలవ ఉన్న వైపు చూసింది. అక్కడున్న అందరికీ తెలిసిన సంగతే.

“కాలవ దాటేసరికి ఇంక మొయ్యాల్సిన పని లేకపోయింది సార్. మంచం అక్కడే దించినారు. మీరేమో రెండు నక్షత్రాలు వేసి పోయినారు.”

విజయభాస్కర్ తల దించుకున్నాడు. చాలా నెమ్మదిగా, “కానీ ఆ రోజు బండి ఇసుకలో దిగబడిన మాట నిజమే కదమ్మా,” అన్నాడు.

“మీకు నడపను రాక దిగబడింది!” నరేంద్రబాబు అరుపుకు అంగడి వెనక కోళ్లు బెదిరాయి.

అప్పుడు పలికింది పెంచలమ్మ. అంతసేపూ ఆమె ఎవరి జోలికీ పోకుండా టీ వడపోస్తూ ఉంది.

“నడపను రాక కాదులే అయ్యా. ఆ పొద్దు మీరు నా అంగడి కాడ ఆగలేదు గదా.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పెంచలమ్మ అంగడి గుంజకు ఒక మేకు, ఆ మేకుకు టైర్లలో గాలి కొలిచే మీటరు వేలాడుతూ ఉంటుంది. పాలెం వైపు ఏ బండి పోవాలన్నా ఇక్కడ ఆగాల్సిందే. దిగి, నాలుగు టైర్లలోనూ గాలి సగానికి తీసేసి, ఒక టీ తాగి, అప్పుడు ఇసుకలోకి దిగుతారు. మెత్తబడిన టైరు వెడల్పుగా పరుచుకొని ఇసుక మీద తేలినట్టు పోతుంది. గట్టి టైరు తవ్వుకుంటూ కిందికి పోతుంది. తిరిగొచ్చాక అంగడి వెనక ఉన్న పంపుతో మళ్లీ గాలి కొట్టుకుంటారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పే పని కాదు. ఈ దారిలో తిరిగే వాళ్లకు చెప్పులు విడిచి గుళ్లోకి పోయినంత అలవాటు.

“ఏందన్నా పెంచలమ్మ అనేది?” అంది అబిగయీలు.

నరేంద్రబాబు మీటరు వైపు చూశాడు, తన బండి వైపు చూశాడు, చివరికి తన చెప్పుల వైపు చూశాడు.

“కెమెరా వస్తుండాదని...” గొంతు సగానికి పడిపోయింది. “పొద్దున్నే కోట టౌన్లో కడిగించినా. టైర్లకు నల్ల పాలిష్ కొట్టించినా. గాలి నిండా పట్టించినా. ఈడ ఆగి గాలి తీస్తే టైర్లు మెత్తబడి అణిగిపోతాయి గదా, వీడియోలో ముసలి బండి మాదిరి కనిపిస్తాదేమోనని... ఒక్క పొద్దుకు ఏమవతాదిలే అనుకున్నా.”

ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక ఉంటే కదా.

“నాలుగు పేజీల ఉత్తరం రాయించినావు గదయ్యా నా చేత!” సుశీల్ కుమార్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. “నీతిమాలిన సమీక్ష అని రాసినాను. కింద గీత గీసి మరీ రాసినాను.”

“తప్పు నాదే సార్,” నరేంద్రబాబు విజయభాస్కర్ ఎదుటికి వచ్చాడు. “కెమెరా తీయండి. అందరి ముందరా నేనే చెప్తాను. మీ తప్పు లేదు, బండి తప్పు అసలే లేదు.”

అబిగయీలు మొహంలో మూడు వారాల తర్వాత కాస్త వెలుగు వచ్చింది. తీరా చూస్తే ఇంతేనా? టైర్లలో గాలా? ఈ సాయంత్రమే కొత్త వీడియో పెడితే, రేపు కిషోర్ బాబు గారికి చూపించవచ్చు, సోమవారం శరభ ఖాయమైపోతుంది. ఆమె మనసు అప్పుడే కాలవ దాటి పాలెం చేరిపోయింది.

“ఒక్క నక్షత్రం కలపండి సార్, చాలు,” అంది.

విజయభాస్కర్ కెమెరా తీయలేదు.

“ఇసుకలో దిగబడటంలో నా తప్పూ ఉంది. టైర్లు చూసుకోకుండా ఎక్కాను. అది ఈ రోజే దిద్దుతాను, క్షమాపణతో సహా. కానీ అమ్మా, నేను నక్షత్రాలు తగ్గించింది ఇసుకకు కాదు.”

“మరి సీటుకా?” అంది చెంచులక్ష్మి, ఇంకా చల్లారక.

“సీటుకు ఒకటి, చప్పుడుకు ఒకటి పోయాయి. మూడోది వేరే దానికి. అది వీడియోలో పెట్టలేదు. నరేంద్రబాబు గారికి తెలుసు.”

నరేంద్రబాబు చూపు తన బండి మీదికి పోయింది.

శరభలో గేరు రాడ్డు పక్కనే ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. ఏటవాలు ఎక్కేటప్పుడు దాన్ని వెనక్కి లాగి పెడితే ఇంజను బలమంతా నిదానంగా నాలుగు చక్రాలకూ అందుతుంది. యజమానులు ఆ రాడ్డును చూపించి చూపించి మురిసిపోతారు. విజయభాస్కర్ దాని సంగతే ఎత్తాడు.

“ట్రాక్టరుతో లాగించాక తిరిగి వస్తున్నాం. కాలవ గట్టు సగం ఎక్కాం. ఆ చిన్న రాడ్డు దానంతటదే ముందుకు దూకేసింది. ఇంజను అరుస్తోంది, చక్రాలకు మాత్రం ఏమీ అందడం లేదు. బండి వెనక్కి జారింది. గట్టిగా బ్రేకు తొక్కాను కాబట్టి ఆగింది. నా చెయ్యి తగిలి ఉంటుందని ఈయన అన్నారు. నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.”

“అయితే వీడియోలో ఎందుకు చెప్పలా?” సుశీల్ కుమార్ నిలదీశాడు.

“ఒక్క బండిలో, ఒక్కసారి జరిగింది సార్. దాన్ని పట్టుకొని ఈ మోడలంతా ప్రమాదం అంటే అన్యాయం కదా. కంపెనీకి రాశాను. మూడు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. మీరు నిలదీస్తాం రమ్మంటే రావాల్సిన అవసరం నాకు లేదు. ఇంతమంది యజమానులు ఒకేచోట దొరుకుతారు, ఒక్క మాట అడుగుదామని వచ్చాను.” ఆయన చుట్టూ చూశాడు. “మీలో ఎవరికైనా అలా జరిగిందా?”

“ఎవరికీ జరగలా!” నాలుగైదు గొంతులు ఒకేసారి లేచాయి. “మళ్లీ మొదలుపెట్టినాడయ్యా!” అన్నారెవరో. “మా బండ్లకేం రోగం?” అన్నారింకొకరు. మళ్లీ కోపం అంటుకుంది. ఒక్క చెంచులక్ష్మి మాత్రం నడుముకు చుట్టిన కొంగు విప్పి, మెల్లగా చెయ్యి ఎత్తింది.

అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“మొన్న కోతలప్పుడు,” అంది. “పెన్న కట్ట ఎక్కతా ఉంటే. రాడ్డు ఎగిరి ముందుకు పడింది. నేను చూస్తానే ఉండా.”

“గ్రూపులో చెప్పలేదేంది అక్కా?” నరేంద్రబాబు అడిగాడు.

“చెప్తే ఏమంటారు మీరు? ఆడమనిషి, రాడ్డు వెయ్యను రాదు అంటారు. అనరా? గుండె మీద చెయ్యేసుకొని చెప్పండి.”

ఎవరూ వేసుకోలేదు. సుశీల్ కుమార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత ఆయన చెయ్యీ లేచింది.

“నాకు రెండుసార్లు,” అన్నాడు. “ముప్ఫై రెండేళ్లు ఇంజను నడిపినోడు ఒక చిన్న రాడ్డు సరిగా వెయ్యలేకపోయినాడంటే నవ్వరా? వయసు మీద పడిందేమో, చేతిలో పట్టు తగ్గిందేమో అనుకున్నా. ఇంట్లో కూడా చెప్పలా.”

ఆ తర్వాత ఒక చెయ్యి, దాని పక్కన ఇంకో చెయ్యి. ప్రతివాడూ తప్పు తనదేననుకున్నాడు. పరువు కోసం దాచుకున్నాడు, దాచుకొని వచ్చి, శరభను ఒక్క మాటంటే ఊరుకోమని మిగిలినవాళ్లతో కలిసి అరిచాడు. మూడు వారాలు హైదరాబాదు మనిషిని తిట్టిన నోళ్లలో ఒక్కటైనా ముందే తెరుచుకొని ఉంటే! నా కోపం ఇప్పుడు ఎటు తిప్పుకోవాలో నాకే తెలియడం లేదు.

అబిగయీలు లెక్కపెట్టింది. పదకొండు మందిలో ఎనిమిది చేతులు. నరేంద్రబాబు చెయ్యి లేవలేదు.

“అన్నా, నీకు?”

“సార్ ఉన్న పొద్దు జరిగింది గదమ్మా. ఆయన చెప్పినాడుగా.”

“అంతకు ముందు?”

ఆయన చూపు ఇసుక వైపు తిప్పుకున్నాడు.

“అంతకు ముందు అన్నా. నన్ను ఎక్కించుకొని పోయినప్పుడు ఎప్పుడన్నా జరిగిందా? నలభై ఒక్కసారి పోయినాం మనం. నేను రాసి పెట్టుకోని ఉండాను.”

నరేంద్రబాబు చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగింది.

“ఫ్లోరాను కాన్పుకు తీసుకుపోయిన పొద్దు,” అన్నాడు.

అబిగయీలుకు ఆ రోజు కళ్లకు కట్టింది. ఫిబ్రవరి నెల. ఫ్లోరాకు నొప్పులు మొదలై రెండు గంటలైంది. కాలవ గట్టు దగ్గర బరువు తగ్గుతుందని తను కిందికి దిగింది. బండి వెనకవైపు నిలబడి, తలుపుకు బిగించిన అదనపు చక్రం మీద చేతులానించి తోస్తోంది. ఉన్నట్టుండి బండి ఆమె మీదికే వచ్చింది. పక్కకు దూకమ్మా అని నరేంద్రబాబు అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. దూకింది. మోకాళ్లు గీసుకుపోయాయి. “ఇసుక జారింది నర్సమ్మా” అన్నాడు ఆయన. నమ్మింది. ఆ సాయంత్రం ఫ్లోరాకు ఆడపిల్ల పుడితే మోకాళ్ల సంగతే మరిచిపోయింది.

“నేను దాని వెనకాలే నిలబడుండానన్నా.”

“అమ్మా...”

“లోపల ఫ్లోరా ఉండాది. వెనక నేనుండా. ఇసుక జారిందని చెప్పినావు నాకు.” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “బండిని ఒక్క మాట అంటే అన్నం మానేసినావంట. నా ప్రాణం మీదికొస్తే మాత్రం నోరు మెదపలా. ఇంకోసారి, ఇంకోసారి అని అదే గట్టు మీదికి నన్ను తీసుకుపోయినావు. నేనేమో ట్రస్టుకు ఉత్తరం రాసిచ్చినా, నా చేత్తో. రెండేళ్లలో ఈ బండి ఒక్కసారి కూడా మోసం చెయ్యలా అని రాసి సంతకం పెట్టినా!”

నరేంద్రబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెడ్డవాడు కాదు. రెండేళ్లుగా ఎవరు పిలిచినా కాదనకుండా బండి తీసినవాడు. అందుకే ఆమెకు మరింత మండిపోయింది. చెడ్డవాణ్ణి తిట్టేసి ఇంటికి పోవచ్చు.

అప్పుడే ఆమె సెల్‌ఫోన్ మోగింది. తెర మీద కిషోర్ బాబు గారి పేరు. తొందరలో ఏది నొక్కిందో ఏమో, ఆయన గొంతు అంగడంతా వినిపించింది.

“అమ్మా అబిగయీలూ, సోమవారం దాకా ఎందుకని మేమంతా పొద్దున్నే కలుసుకున్నాం. నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. ఆ ఆగస్టు సంగతి విని మా వాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆ వీడియోల వాళ్లను నమ్మడమేంటి, రెండేళ్లు దాంట్లో తిరిగిన పిల్ల చెప్తుంటే అన్నారు. శరభకే ఆర్డరు పెట్టేశాం. పది రోజుల్లో మీ పాలెంలో ఉంటుంది. సంతోషమేనా?”

పెంచలమ్మ టీ గిన్నె దించేసింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. నరేంద్రబాబు మాత్రం తన చెయ్యి దించి, రెండు చేతులూ జోడించి, చెప్పొద్దమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. చెప్తే వచ్చేది ఇక్కడే ఆగిపోయే వ్యాను. తర్వాత మంచం, నలుగురు మనుషులు, నాలుగు కిలోమీటర్ల ఇసుక. చెప్పకపోతే శరభ వస్తుంది, ఆ గట్టు మీద అది వెనక్కి జారే రోజూ వస్తుంది.

“వింటున్నావా అమ్మా? ఇంకెవరి మాటా మాకు అక్కర్లేదు. నీ మాట చాలు.”

అబిగయీలు అంగడి గుంజ పట్టుకుంది. మేకుకు వేలాడుతున్న మీటరు ఆమె చెయ్యి తగిలి ఊగింది.

“వింటుండాను సార్,” అంది. “ఆ ఉత్తరంలో...”